పండుకొని చూసే మేస్త్రి

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు పడుకోవాలనిపిస్తుంది. మొన్న ఇల్లందులో ఒక కారు షెడ్డును గదిగా మారుస్తూ, గచ్చు మీద అట్లాగే వెల్లకిలా పడుకున్నాను. "మేస్త్రీ, పని మొదలువెడ్తవా, దుప్పటి తెమ్మంటవా?" అంది ఇటుకలు మోసే సారమ్మ. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. నాకు పూర్తిగా వచ్చిన విద్య ఇదొక్కటే.

నేర్పింది సైదులు మేస్త్రి. భద్రాచలంలో ఆయన దగ్గరే తాపీ పట్టాను. నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు, 'సగం సదువు' అనేవాడు. ఆయనకో అలవాటుండేది. ఏ గదైనా పూర్తయ్యేలోపు, మంచం పడే చోట తలపాగా తీసి తలకింద పెట్టుకుని పడుకునేవాడు. మేము కునుకు తీస్తున్నాడనుకునేవాళ్లం. నేనైతే వెనక నిలబడి గురక కూడా పెట్టేవాణ్ణి.

అసలు సంగతి కమలమ్మగారి గది దగ్గర తెలిసింది. గోదారి వరదకు జడిసి వాళ్లు కింద కారు షెడ్డు, పైన కాపురం పెట్టుకున్నారు. తుంటి విరిగాక ఆమె మెట్లు దిగలేకపోయారు. అంతకుముందు రోజూ గేటు దగ్గర నిలబడి, అడవి నుంచి తునికి పండ్లు తెచ్చే ఆడవాళ్లతో బేరమాడి, ఊరి కబుర్లన్నీ రాబట్టేవారు. పైన మంచానికి అంటుకుపోయాక మాట తగ్గింది, తిండీ తగ్గింది. ఆ భయంతోనే ఆమె భర్త, రిటైరైన టీచరుగారు, కారు అమ్మేసి షెడ్డును గది చేయమన్నారు. వరదొస్తే పైకి ఎట్లాగో మోసుకుపోవచ్చు, రోజూ కిందికి మోయలేం కదా అన్నది ఆయన మాట. ఆమె ససేమిరా అన్నారు. "కారు పండుకున్నకాడ నేను పండుకుంటనా? రేపు నాకు హారన్ గూడ బిగిస్తరా?"

టీచరుగారు వినలేదు. ఆ గదిని మేస్త్రి నాకు ఒప్పగించాడు. షట్టరు తీసేసి ఇటుక గోడ కట్టాను. అందరిళ్లలో ఉన్నట్టే ఛాతీ ఎత్తున కిటికీ పెట్టాను. పాత గచ్చు మీదే కొత్త గచ్చు పోశాను. మేస్త్రి వచ్చాడు, పడుకున్నాడు.

"సగం సదువూ, కారు కడిగిన నీళ్లు బయటికి పోవాలని షెడ్డుకు వాలు పెడ్తరు. నువ్వు దాన్ని అట్లనే ఉంచినవ్. గేరు వెయ్యకుంటే ఆమె మంచం వీధిలకు పోతది."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఇట్ల రా, పండుకో. కిటికిల ఏం కనబడ్తాంది?"

పక్కన పడుకుని చూశాను. "ఆకాశం."

"గంతే గద. పోయే తొవ్వ ఇప్పటిసందే చూపిస్తున్నవా ఆమెకు?"

లేచి, నేను పెట్టిన కిటికీని నేనే పీకాను. మంచం ఎత్తుకు దించి మళ్లీ కట్టాం, వాలూ సరిచేశాం. టీచరుగారు ఆమెను కుర్చీలో దింపించి, మంచం మీద పడుకోబెట్టి, బిక్కమొహంతో నిలబడ్డారు. ఆమె గది వంక చూడనే లేదు. తల మాత్రం పక్కకు తిప్పారు. వీధిలో గంపతో ఒకామె పోతోంది.

"ఓ లచ్చక్కా! తునికి పండ్లెట్లిస్తున్నవ్?"

లచ్చక్క ఏదో ధర చెప్పింది.

"ఏందీ? నేను లేనని పిరం జేసినవా? గంప దించు!"

టీచరుగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు, సున్నం బాగుందో లేదో చూస్తున్నట్టు.

సైదులు మేస్త్రి ఇప్పుడు లేడు. నేను మాత్రం పడుకుని చూడనిదే ఏ గదినీ అప్పగించను. కమలమ్మగారి గది పూర్తయిన కొత్తలో ఒకసారి ఆ వీధిలో పోతూ ఆగి, "ఎట్లుందమ్మా, నేను పెట్టిన కిటికీ?" అని గొప్పలు పోయాను.

కమలమ్మగారు తునికి పండు గింజ బయటికి ఊసి అన్నారు: "నువ్వు పెట్టింది పీకేసిండ్రు గద బిడ్డా. ఇది పండుకున్నాయన పెట్టింది."