రెప్ప వెయ్యని పిల్ల

మా పిన్ని పోయింది. మొన్న తెల్లారేసరికి పొందూరులో ఆమె ఇంట్లో, దువ్వుతున్న పత్తి పక్కనే ఒరిగిపోయి ఉందట. ఫోన్‌లో ఆ కబురు చెప్పిన పక్కింటావిడ వెంటనే, "పాపని తేకు తల్లీ, మీ పిన్ని కళ్ళు తెరుసుకునే ఉన్నాయి" అంది. చచ్చిపోయిన మనిషి మీద కూడా ఇదే మాటా అని ఒళ్ళు మండింది నాకు. పాపని చంకనేసుకునే శ్రీకాకుళంలో బస్సెక్కాను.

వీధికొక్క టీవీ ఉన్న రోజుల్లో వారానికోసారి ఒక సస్పెన్స్ సీరియల్ వచ్చేది. అందులో ఒక చిన్నపిల్ల రెప్ప వెయ్యకుండా చూస్తే గడ్డివాము అంటుకునేది, ఎద్దు కూలిపోయేది. ఆ పిల్ల మా పిన్నే. షూటింగువాళ్ళు మా వైపు వచ్చినప్పుడు, పెద్ద కళ్ళని చెప్పి బళ్ళోంచి ఏరుకెళ్ళారు. సీరియల్ అయిపోయింది గానీ ఆ చూపు పిన్నిని వదల్లేదు. ఆ ఏడే వీధిలో ఒక గేదె చచ్చింది. ఇంకేముంది! పాము కరిచిందని పశువుల డాక్టరు మొత్తుకున్నా వినేదెవరు?

"రెప్పెయ్యొద్దన్నారే అమ్మీ. ఎయ్యనేదు. నాను సేసింది అంతే కదేటి" అనేది పిన్ని. కళ్ళు మండి నీళ్ళు కారినా ఓర్చుకున్నందుకు బిస్కెట్ పొట్లం ఇచ్చారట. దాన్ని వీధి పిల్లలందరికీ పంచిపెట్టింది.

సంబంధాలు రాలేదు. తల వంచుకుని చేసే పనే ఎంచుకుంది. సన్నటి పళ్ళున్న వాలుగ చేప దవడతో, నూలు వడికే ముందు పత్తి దువ్వుతూ కూర్చునేది. వీధిలోకెళ్ళినా చూపు నేల మీదే. మనుషుల్ని పాదాలతో గుర్తుపట్టేది. "మెట్టెలు మార్సినావేటే" అని అడిగేది నన్ను. ఊరందరి పాదాలూ తెలుసు పాపం, ముఖాలే తెలియవు.

ఆమె అలా వెళ్ళిందంటే చాలు, తల్లులు ఉప్పూ మిరపకాయలూ పిల్లల చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేవారు. దిష్టి తగిలితే మిరపకాయ మాడినా ఘాటు రాదని కదా అంటారు. "ఘాటొస్తే దిష్టి నేదన్నట్టే గదే. మరి దగ్గుకుంటా నన్నెందుకు తిడతారు?" అని ఒక్కసారి అడిగింది.

నాకు కూతురు పుట్టినప్పుడు తీసుకెళ్ళి ఒళ్ళో పడుకోబెట్టాను. పిన్ని పసిదాని పాదాలు రెండూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. ముఖం చూడు పిన్నీ అని బతిమాలాను.

"వద్దే. రేపు దానికి జొరమొస్తే నాదే అవుతాది. నువ్వు కూడా అనుకుంటావు."

అనుకోనని ఒట్టేశాను. తల ఎత్తలేదు. ఆ ముఖం చూడకుండానే పోయింది.

పొందూరు చేరాక పిన్ని కళ్ళు నేనే మూయబోయాను. బిగుసుకుపోయాయి, మూతపడలేదు. తడిగుడ్డ కప్పాం. పాడె మొయ్యడానికి వచ్చినవాళ్ళు కూడా తల పక్కకి తిప్పుకునే మోశారు.

పాడె వీధి మలుపు తిరిగిందో లేదో, ఇంటింటా పొయ్యిలో మిరపకాయలు పడ్డాయి. పక్కింటావిడ నా కూతుర్ని లాక్కెళ్ళి గడపలో నిలబెట్టి దిష్టి తీసింది. కాసేపటికి వీధి వీధంతా ఘాటు. పిల్లా పెద్దా అందరూ ఉక్కిరిబిక్కిరై దగ్గుతున్నారు. నా కూతురు దగ్గలేక ఏడుస్తోంది.

పక్కింటావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "సూసినావా, ఎంత దిష్టో" అంది.