రోసా తప్పుగా రాసిన ‘మీరు’

ఈ రోజు బడి నుంచి మా సునీతను, పక్కింటి రోసాను కారులో తీసుకొస్తుంటే రోసా ఏడుపు ఆపలేదు. వాళ్లది మెక్సికో. ఇంట్లో స్పానిష్ తప్ప మరో మాట వినిపించదు. అలాంటి పిల్ల స్పానిష్ పరీక్ష తప్పింది! స్నేహితులందరినీ కలిపి ‘మీరు’ అనాల్సిన ప్రతిచోటా ‘ఉస్తేదెస్’ అని రాసిందట. పుస్తకంలో ఉన్నది ‘వొసోత్రోస్’. అది స్పెయిన్ వాళ్ల మాట. రోసా ఇంట్లో ఎవరూ అలా అనరు. పుస్తకం బట్టీపట్టిన మా సునీతకేమో ఫస్టు మార్కు.

నాకు ఒళ్లు మండి కారు బడి వైపు వెనక్కి తిప్పాను.

“మమ్మీ, ప్లీజ్, స్కూల్‌కి డ్రైవ్ చేయకు,” అని సునీత బతిమాలింది. నేను వినలేదు.

“ఇంట్లో మాట్లాడేది వేరు, కరెక్ట్ స్పానిష్ వేరు,” అంది టీచరు నవ్వుతూ. “అసలు మీకు స్పానిష్ వచ్చా?”

“రాదు. మరి మెక్సికోలో అందరూ తప్పే మాట్లాడుతున్నారా?”

“నేను పుస్తకం చూసే మార్కులు వేస్తాను.”

వరంగల్‌లో మా పంతులు కూడా మా ఇంట్లో మాట్లాడే తెలుగును ఇలాగే వెక్కిరించేవాడు. ఆయన క్లాసులో నేను నోరు విప్పడమే మానేశాను.

ఇల్లు చేరేసరికి రోసా వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి, పిల్లలిద్దరినీ ‘ఉస్తేదెస్’ అంటూ తినడానికి పిలిచింది. రోసా ఆమె మొహం చూడకుండా, ఇంగ్లీషులో ఆకలి లేదని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఏమైందన్నట్టు ఆవిడ నా వైపు చూసింది.

నీ మాటే తప్పని నీ కూతురికి నేర్పి పంపారని ఆ తల్లికి ఎలా చెప్పాలో మీలో ఎవరికైనా తెలుసా?