తనూజ కొట్టిన దెబ్బ

తనూజ ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. దాన్ని విరగ్గొట్టింది నేనే. నా పేరు కమలకుమారి. నాన్నగారి ఉద్యోగం కోసం తెనాలి నుంచి ఈ ఊరొచ్చిన కుటుంబం మాది. లాల్‌దర్వాజా సందులోని ఒక సర్కారు ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరి, అక్కడే హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. నాకు కోపమెక్కువని ఆ సందులో అందరికీ తెలుసు.

ఎనిమిదో తరగతిలో తనూజ బోర్డు మీద ఒక బీజగణితం లెక్క చేసింది. జవాబు తప్పన్నాను. "కరెక్టే మేడం" అంది. ఎదురు చెప్పినందుకు చెయ్యి చాపించి, చెక్క డస్టరు అంచుతో వేళ్ళ గణుపుల మీద కొట్టాను. ఏడవలేదు. ఏడవనందుకు మళ్ళీ కొట్టాను. నాలుగో దెబ్బకు వేలు టక్కుమంది. పిల్లల్ని కొట్టకూడదన్న సర్క్యులర్ అప్పటికే వచ్చింది. అందరం సంతకాలు చేసి బీరువాలో పెట్టేశాం.

మర్నాడు వాళ్ళ నాన్న మైసయ్య బడికొచ్చాడు. పాల వ్యాపారం, దున్నపోతును ఒంటిచేత్తో నిలబెట్టే మనిషి. గొడవకే వచ్చాడనుకున్నాను. ఆయన పాల క్యాను నా బల్ల మీద పెట్టాడు.

"పొల్లకు నోరు లేస్తున్నది మేడం. మంచిగ దారిల పెట్టిన్రు. ఏం ఫికర్ చెయ్యకున్రి, ఇంకో నాలుగు ఎక్కువనే కొట్టున్రి."

తనూజ కట్టు కట్టిన చేత్తో ఆయన పక్కనే నిలబడి వింటోంది. ఆ పాలు తీసుకున్నాను. కాఫీ పెట్టుకుని తాగాను కూడా.

మొండి పిల్ల. పదో తరగతిలో బడికే ఫస్టొచ్చింది. సందులో బర్రెలకు చోటు చాలక వాళ్ళు ఊరి చివరి జల్‌పల్లికి మారినా, పొద్దున్నే పాలు పిండి, రెండు బస్సులు మారి, ఉస్మానియాలో లెక్కల ఎమ్మెస్సీ పూర్తి చేసింది. వాళ్ళ ఇంట్లో అంత చదువు చదివిన మొదటి మనిషి. నిరుడు జూన్‌లో మా బడిలో లెక్కల పోస్టు ఖాళీగా ఉందని తెలిసి తనే వచ్చింది.

"నేను చెప్త మేడం. జీతం గీతం వద్దు. నన్ను మనిషిని చేసిందే ఈ బడి."

ఆగస్టు పదిహేనున తల్లిదండ్రులందరి ముందు మైకులో ఆ వేలు పైకెత్తి చూపించింది. "మేడం ఆ దినం కొట్టకపోతే నేనియ్యాల పేడ తీస్తుంటి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటతో నా కడుపు నిండిపోయింది.

తనూజ పాఠం బాగా చెప్పేది. అంతకన్నా బాగా కొట్టేది. స్కేలుతో కొట్టేది, జుట్టు పట్టుకుని తలను బోర్డుకేసి గుద్దేది. నా గదికీ పదో తరగతికీ మధ్య ఒక్క గోడే. ప్రతి దెబ్బా వినబడేది. పరీక్షల్లో మార్కులు పెరిగాయి, తల్లిదండ్రులు సంతోషించారు. నేను ఫైళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. ఆపమనడానికి నాకు మొహం చెల్లలేదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం గోడ అవతల చప్పుడు వేరేగా వినిపించి పరుగెత్తాను. సోనీ అనే పిల్ల బెంచీల మధ్య పడి ఉంది. హోంవర్కు చేయలేదని తనూజ లాగి చెంప మీద కొడితే దెబ్బ ఎడమ చెవికి తగిలింది. చెవిలోంచి రక్తం కారి తెల్ల చున్నీ తడుస్తోంది. తనూజ చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

"లే. నాటకాలొద్దు" అంటోంది.

నేను క్లాసులో అనే మాటే అది. గొంతు కూడా నాదే.

అటెండరు ఆండాలు పిల్లను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. సోనీ తల్లి పుష్పమ్మ గుడి దగ్గర పూలమ్ముతుంది. కర్ణభేరి పగిలిందని డాక్టరు చెప్పగానే అక్కడినుంచి నేరుగా బడికొచ్చింది. నా గదిలోనే తనూజ జుట్టు దొరకబుచ్చుకుని తలను ఇనుప బీరువాకేసి కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"కన్నదాన్ని, నేనే ఇయ్యాల్టి దాంక దాని మీద చెయ్యెత్తలె. నువ్వెవతివే?"

తనూజ కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి దిగింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, తిట్టలేదు. మధ్యలోకి వెళ్ళిన నాకు పుష్పమ్మ మోచెయ్యి తగిలి పెదవి పగిలింది. కొట్టీ కొట్టీ అలిసిపోయి, పోలీసులకు చెప్తానంటూ పుష్పమ్మ మళ్ళీ బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

తనూజ కొంగుతో కన్ను తుడుచుకుంది. "ఆమెకిప్పుడు తెల్వది మేడం. పెద్ద చదువు చదివినంక సోనీ వచ్చి నాకు దండం పెడ్తది. నేను మీకు పెట్టలేదా?"

ఆ మాటకు నాకు పుష్పమ్మ దెబ్బలకన్నా ఎక్కువ భయమేసింది. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఈ పిల్ల జీవితమంతా కొడుతూనే ఉంటుంది. పన్నెండేళ్ళుగా దాచుకున్నది చెప్పేశాను.

"ఆ రోజు నీ లెక్క కరెక్టే తనూజా. గైడులో జవాబు తప్పు అచ్చయింది. నేను లెక్క చెయ్యకుండా గైడు చూసి తప్పన్నాను. తర్వాత పేపర్లు దిద్దుతుంటే తెలిసింది."

తనూజ కొంగు కంటి మీంచి తీసింది.

"నాకెరికే మేడం. ఇంటికి పొయ్యి మళ్ల చేసి చూసిన. మూడు తీర్ల చేసిన. అన్నిట్ల అదే వచ్చింది."

"మరి మైకులో అలా ఎందుకన్నావు?"

"మా బాపు మీకు పాలు తెచ్చిండు. ఆ దెబ్బ నా మంచికే అనుకోకపోతే ఆ ఇంట్ల ఎట్ల ఉండాలె మేడం? ఈ బడికి ఎట్ల రావాలె?"

అప్పుడు ఏడ్చింది. ఆ పిల్ల ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

సాయంత్రం ఇద్దరం ఆస్పత్రికి వెళ్ళాం. ఎంత వినికిడి తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారట. చెవిలో దూదితో సోనీ బెంచీ మీద కూర్చుని ఉంది. పుష్పమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. సోనీ మాత్రం తనూజను చూడగానే లేచి నిలబడింది.

"సారీ మేడం. నాదే తప్పు. రేపటి సంది హోంవర్కు చేస్త."

కనుబొమ్మ మీది కట్టు కింద తనూజ మొహమంతా పాలిపోయింది. పిల్లను కూర్చోబెట్టి, దగ్గరే నేల మీద చతికిలబడింది.

"తప్పు నాది సోనీ. నీది కాదు. నువ్వేం చేసినా నిన్ను కొట్టుడు తప్పు."

సోనీ మొహంలో ఏ మార్పూ లేదు. "ఏంది మేడం?" అంటూ మెడ తిప్పింది.

తనూజ కూర్చున్నది ఆ పిల్లకు ఎడమ పక్కన, దెబ్బ తగిలిన చెవి వైపు. లేచి, బెంచీ చుట్టూ తిరిగి కుడి పక్కకొచ్చి, అంతా మొదటి నుంచి మళ్ళీ చెప్పింది.

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. తనూజకు లెక్క సంగతి చెప్పాను, గైడు సంగతి చెప్పాను. తప్పు నాది అన్న మాట మాత్రం నా నోట రాలేదు. తనూజకు రెండు చెవులూ బాగానే వినపడతాయి.