రెండో ప్రతివాది తెచ్చిన మలీద

నల్లకోటు కొత్తగా వేసుకున్న ఆ రోజుల్లో, దావా అంటే ఒకసారి రాస్తే అయిపోయే పని అనుకునేదాన్ని. (ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక లేదు.) జగిత్యాలలో మా సీనియర్ సారు ఆఫీసులో నా పనల్లా, రాసినదాన్ని మళ్లీ దిద్దడమే. ఒకసారి పేరు తప్పు, ఇంకోసారి హద్దుల్లో తూర్పు పడమరయింది. ప్రతి సవరణకూ ఒక అర్జీ, దానికో అఫిడవిట్, ఎదుటి వకీలుకు నకలు, ఆయన కౌంటరు, ఆపైన వాయిదా. జడ్జి గారు సరేనన్నాక అసలు దావాలో ఎర్రసిరాతో దిద్ది, మళ్లీ శుభ్రమైన ప్రతి దాఖలు చేయాలి. కోరుట్ల కోర్టుకు బస్సులో నిలబడి పోయి, నిలబడి వచ్చేసరికి నన్ను కూడా ఎవరైనా సవరిస్తే బాగుండుననిపించేది.

ఆ కోరుట్ల నుంచే వచ్చాడు పంక్చరన్న. బండ్లకు పంక్చర్లు వేసే కొట్టు ఆయనది. తండ్రి వదిలిపోయిన ఇంటిని తమ్ముడితో పంచుకోవాలట. "మీరెంతమంది?" అనడిగాను. "ఇద్దరమే మేడం" అన్నాడు. ఇద్దరినే రాశాను. తీరా తమ్ముడి వకీలు జవాబు వేస్తూ, వీళ్లకు సిరిసిల్లలో ఒక అక్క ఉంది, వాటాదారును కలపలేదు గనుక దావా చెల్లదన్నాడు.

"అక్క ఉన్నదని చెప్పలేదేం?" అంటే పంక్చరన్న నన్నే వింతగా చూశాడు. "గామె సిరిసిల్లోల్లైంది గద మేడం. పెండ్లి చేసిచ్చినంక మా లెక్కలకెట్లస్తది?" తప్పు ఆయన ఒక్కడిది కాదు. మా దిక్కు సంతానమెంతమంది అంటే కొడుకులనే చెబుతారు. బిడ్డలు పండుగలకు వస్తారు, లెక్కలోకి రారు.

"కలుపు" అన్నారు సారు తలెత్తకుండా. అక్కను రెండో ప్రతివాదిగా రాస్తాననేసరికి పంక్చరన్న కుర్చీలోంచి లేచాడు. "అక్క మీద కేసా? నేనెయ్య." పోనీ నీ పక్కన వాదిగా రమ్మనమన్నాను. అక్కడే ఫోన్ చేశాడు. "నా తమ్ముని మీద నేను కేసేస్తనా? నీకు మతున్నదారా?" అని ఆమె పెట్టేసింది. అంటే ఆవిడ ఇటూ రాదు, ఈయన అటు పెట్టనివ్వడు. వాదిగా రానన్నవాళ్లను ప్రతివాదిగా కలుపుతారు, అందులో పగ ఏమీ లేదని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. "గది నీకెర్క మేడం. సిరిసిల్లల వాడకట్టోల్లకెర్కనా?" అన్నాడు. కాగితం నావైపు తోసేసి, "మా అమ్మ బీడీలు చేస్తుంటె నన్ను సంకలేసుకొని తిరిగింది గామెనే. ఇల్లు వోతె వోయింది, అక్క మాట్లాడకుంటె ఎట్ల?" అన్నాడు. కలపకపోతే దావా నిలవదన్నాను. ఆఖరికి సంతకం పెట్టాడు. సమన్లు అందిన రోజు నుంచీ అక్క ఫోన్ ఎత్తలేదు.

"ఆడమనిషివి, నువ్వు పోయి నచ్చజెప్పు" అన్నారు సారు. (ఆ ముక్క చట్టంలో ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు.) వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి నా ఉత్సాహం సగం చచ్చింది. ఇంట్లోనే మరమగ్గాలు, ఒకరి మాట ఒకరికి వినబడదు. అవసరమైన కక్షిదారు అంటే ఏమిటో ఆ మోతలో అరిచి అరిచి వివరించాను. ఆమె చాయ్ గ్లాసు చేతికిచ్చి, "గయన్ని నాకెందుకు బిడ్డా" అంది. "వాడు పిలుస్తడని వీడు, వీడు పిలుస్తడని వాడు. ఇల్లు పంచాయితీల వడ్డకాన్నుంచి బతుకమ్మకు నన్ను పిలిచినోడే లేడు. ఇప్పుడు కోర్టోల్లతోని పిలిపిచ్చిండు. వాయిదా ఎన్నడు?"

చెప్పాను. వస్తారా అని భయంభయంగా అడిగాను.

"పుట్టింటోల్లు పిలిస్తె పోకుంటరా? పోకుంటె పిలుసుడే మరుస్తరు."

బతుకమ్మ పండుగ దగ్గరపడిన వాయిదా అది. ఆమె పట్టుచీర కట్టుకుని, స్టీలు డబ్బా నిండా రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు తెచ్చింది. కోర్టు వరండాలో తమ్ముళ్లిద్దరినీ చెరోవైపు నిలబెట్టి, "తినున్రి, సిగ్గులేనోల్లారా" అంటూ చేతుల్లో పెట్టింది. ఎదుటి వకీలు కూడా ఒకటి తీసుకున్నాడు, దానికి మాత్రం కౌంటరు వేయలేదు. పంక్చరన్న ముద్ద చేత్తో పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు.

పిలుపు వచ్చాక, ఏమైనా చెప్పుకుంటారా అని జడ్జి గారు ఆమెను అడిగారు. "వాకిట్ల నడుమ గోడ పెడ్తరట సారూ. గోడ పెడితె బతుకమ్మ ఏడ పెట్టాలె?" అంది. జడ్జి గారు నావైపు తిరిగి, "వాకిలి సంగతి దావాలో ఉందామ్మా?" అన్నారు. లేదు. "అయితే సవరించండి." విసుక్కోకుండా నేను రాసిన సవరణ అర్జీ అదొక్కటే. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ముందు గదులు తమ్ముళ్లకు, వాకిలి ముగ్గురిదీ. (వెనుక అర్ర అక్కది. వాటా వదులుకుంటావా అని ఎవరో అంటే, "ఎందుకిడుస్త?" అని తాళంచెవి కొంగున కట్టుకుంది.)

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది, నడుంనొప్పి ఉంది. ఎవరొచ్చినా ముందు అక్కచెల్లెళ్ల సంగతే అడుగుతాను. గొల్లపల్లిలో ఉండే మా అన్న ఏటా బతుకమ్మకు పిలిచేవాడు. నేను ఏటా కేసులున్నాయనేదాన్ని. ఈసారి పండుగ దగ్గరికొచ్చినా ఫోన్ రాలేదు. సిరిసిల్ల అక్క మాట గుర్తొచ్చింది. నేనే చేశాను.

"అన్నా, సద్దుల బతుకమ్మనాటికి వస్తున్న."

"నిన్నెవరు పిలిచిన్రే?"

"ఎవరు పిలుస్తలేరని నేనే అర్జీ పెట్టుకుంటున్న. నన్ను కలుపుకోండ్రి."

అన్న నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకుని, "అభ్యంతరం లేదు తియ్యి" అన్నాడు. "మలీద తే."