నేల కదిలిన ద్వీపానికి రెండు టికెట్లు

2025 ఫిబ్రవరి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఓ మొదటి అంతస్తులో నా ట్రావెల్ ఆఫీసు. మెట్రో రైలు మా కిటికీ ఎత్తులోనే వెళుతుంది. మధ్యాహ్నం ఎండలో దాని అద్దాల వెలుగు మా గోడ మీద నీళ్లలా పారి మాయమవుతుంది. కింద కోచింగ్ సెంటర్ల పిల్లలు, షేర్ ఆటోల కేకలు. పైన మేము మాత్రం ఎప్పుడూ చూడని ఏదో సముద్రం గురించి మాట్లాడుకుంటూ ఉంటాం.

పద్మగారికి కొత్తపేటలో బ్లౌజులు కుట్టే దుకాణం ఉంది. ఒక కస్టమర్ ఫోన్‌లో గ్రీసు దేశపు శాంటోరిని ద్వీపం ఫొటో చూసినప్పటి నుంచి ఆమెకు ఆ తెలుపూ ఆ నీలమూ కళ్లలో నిలిచిపోయాయట. అంతకుముందు డిసెంబరులోనే భర్త యాదగిరిగారికీ తనకూ మే నెలకు నా దగ్గర బుక్ చేయించుకున్నారు.

ఆ ద్వీపం ఒక అగ్నిపర్వతం మిగిల్చిన అంచు. వేల ఏళ్ల కిందట అది పేలి, నడిమి భాగం సముద్రంలోకి కుంగిపోయింది. ఆ పెద్ద గుంటను కాల్డెరా అంటారు. దాని అంచున, కొండకు గూళ్లు కట్టుకున్నట్టు తెల్లటి ఇళ్లు. నేను వాళ్లకు బుక్ చేసిన గది అలాంటి అంచు మీదే ఉంది.

జనవరి చివర్లో అక్కడ నేల కంపించడం మొదలైంది. ఒకటి ఆగేలోపు ఇంకొకటి. ద్వీపవాసులే వేలమంది పడవలెక్కి వెళ్లిపోయారు. పద్మగారికి ఫోన్ చేసి ఆ వార్తతోపాటు, వాళ్లింకా తీసుకోని ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాను. ముప్పు వార్తల్లోకి ఎక్కాక పాలసీ కొంటే దాన్ని నోన్ ఈవెంట్ అంటారు, అంటే ముందే తెలిసిన ప్రమాదం. దానివల్ల వచ్చే నష్టాన్ని చాలా కంపెనీలు భరించవు. దుబాయ్ వెళ్లండి, కేరళ వెళ్లండి అన్నాను. ఆమె కొన్నాళ్లు ఆగి చూద్దామన్నారు.

మార్చి వచ్చేసరికి కంపనాలు బాగా తగ్గాయి. బడులు తెరిచారు, వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చారు. యాదగిరిగారిని నేను చూడటం అదే మొదలు. నాగోల్ అపార్ట్‌మెంట్లకు సెంట్రింగ్ పని చేయిస్తారు, అంటే స్లాబు పోసేముందు కింద పెట్టే చెక్కల, రేకుల పని. నేను గది ఫొటోలు చూపిస్తూ, ఇప్పుడంతా సద్దుమణిగింది, ఏమీ కాదు అని చెప్పుకుంటూ పోయాను. ఆయన ఒక ఫొటో మీద వేలు పెట్టారు.

"మేడమ్, గా గది దర్వాజ ఎటు తెరుస్తది?" అని అడిగారు.

సముద్రం వైపు అన్నాను.

"దిక్కు కాదు. లోపటికా, బయటికా?"

నన్నెవరూ అడగని ప్రశ్న అది. నాకు తెలియదని చెప్పాను. ఆయన ఫొటో వైపే చూస్తూ, 2001లో తాను గుజరాత్‌లోని భుజ్‌లో ఉన్నానని చెప్పారు. కుర్రతనంలో పని కోసం వెళ్లి, జత పనివాడితో ఒక గదిలో ఉండేవారట. భూకంపం వచ్చినప్పుడు తలుపు బిగుసుకుపోయింది. లోపలికి లాగి తెరవాల్సిన తలుపు. కప్పు వచ్చి మీద పడింది. ఇద్దరూ శిథిలాల కింద పక్కపక్కనే ఉండిపోయారు.

"ఊరి ముచ్చట్లు చెప్పుకున్నం. వాడు మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోయిండు. నన్ను సాయంత్రం తీసిన్రు."

ఇంట్లో ఆయన ఏనాడూ తలుపు గొళ్లెం పెట్టనివ్వరని, నేల మీది ఇల్లు తప్ప కిరాయికి ఒప్పుకోరని, నిద్రలో ఉలిక్కిపడి లేస్తారని పద్మగారికి తెలుసు. ఆ స్నేహితుడి సంగతి మాత్రం మొదటిసారి వింటున్నారు, అదీ నా ఎదుట. టికెట్లు రద్దు చేయమని నాతో మెల్లగా అన్నారు.

"నేనొద్దంటలేను," అన్నారు ఆయన. "ఆడ ఎట్ల ఉండాల్నో చెప్పుమంటున్న."

ఆ వారమంతా నాకు అదే పని. అంచు మీది గది తీసేసి, ద్వీపం నడుమ ద్రాక్షతోటల మధ్యనున్న చిన్న ఊళ్లో, పెరడున్న ఒంటి అంతస్తు ఇల్లు చూశాను. తలుపు ఎటు తెరుస్తుందని యజమానికి మెయిల్ పెడితే, పెరట్లోకి తెరిచి ఉన్న తలుపు ఫొటో పంపాడు. కొండచరియ కింద ఉన్న పాత రేవుకు వెళ్లడం, అగ్నిపర్వతం దగ్గరికి పడవ ప్రయాణం తీసేశాను. లోపల ఉండగా కదిలితే బల్ల కింద దూరి తల కాచుకోవాలని, ఆగాక ఆరుబయటికి రావాలని, సముద్రం ఒడ్డున గట్టిగా కదిలితే ఎవరి మాట కోసమూ ఆగకుండా ఎత్తుకు వెళ్లాలని చెప్పాను. యాదగిరిగారు ప్రతిదీ తన మాటల్లో నాకు తిరిగి అప్పజెప్పారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పద్మగారు ఫోన్ చేశారు. గొంతు గుసగుసగా ఉంది. ఏమైందని అడిగాను.

కాసేపటి కిందటే నేల కదిలిందట. చిన్నదే. గ్లాసులు గలగలమన్నాయట. ఆయన ఆమెను బల్ల కిందికి లాగి తన చేతులు ఆమె తల మీద కప్పారు. ఆగాక చేయి పట్టుకుని పెరట్లోకి నడిపించారు. యజమాని తల్లి, ముసలావిడ, ఏమీ జరగనట్టు కుర్చీలు తెచ్చి వేసి, ఇద్దరికీ మంచినీళ్లిచ్చి తానూ పక్కన కూర్చుంది.

ఆయన ఇప్పుడెలా ఉన్నారని అడిగాను.

"పండుకున్నడు మేడమ్. కుర్చీలనే, ఎండల. ఇంత నిద్ర నేనెప్పుడు సూడలే. లేపబుద్ధి ఐతలేదు."

ఆమె ఫోన్ ఆయన వైపు పట్టుకున్నారు. గాలి వినిపించింది. ఎక్కడో గంట మోగింది. ముసలావిడ తనలో తాను ఏదో పాడుకుంటోంది. వాటన్నిటి కింద, సముద్రపు అలలాగా నెమ్మదిగా, ఒక మనిషి గుర్రు. దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున కూర్చుని నేను కళ్లు మూసుకుని విన్నాను. ఆ సాయంత్రం సూర్యాస్తమయం చూడాల్సిన వాళ్లు వెళ్లనేలేదు. పద్మగారు ఆయన పక్కనే కూర్చుని, తెల్లటి గోడ మీద ద్రాక్షతీగ నీడ జరగడం చూశారట.

తిరిగొచ్చాక యాదగిరిగారు ఒక్కరే ఆఫీసుకు వచ్చారు. టీ తాగుతూ చెప్పారు.

"మల్ల ఎప్పుడొస్తదా అని ఇన్నేండ్లు సూసిన మేడమ్. వచ్చింది. పోయింది."

రాత్రుళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తారట, కాకపోతే తక్కువ. లేచినప్పుడు ఇప్పుడు పద్మగారికి ఆ స్నేహితుడి కబుర్లు చెబుతారట, వాడు బతికున్నప్పటివి.

ఏమీ కాదు అనే మాట ఆ తర్వాత నేను ఏ ప్రయాణికుడికీ చెప్పలేదు. ఆ హామీ ఇవ్వగల మనిషి లేడు. ఏమైనా అయితే ఎటు వెళ్లాలో చెబుతాను. దానికంటే ముందు, దేనికి భయపడుతున్నారని అడిగి, వాళ్లు నోరు తెరిచేదాకా ఊరుకుంటాను.