బెల్లం నీళ్ళ దిమ్మెలు

మనుషుల మీద లేని నమ్మకమంతా సిమెంటు మీద పెట్టుకుని బతికిన రోజులవి. నిజామాబాద్‌లో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. చెరకు పిప్పి కాల్చిన బూడిదను సిమెంటులో కొంత కలిపి, దిమ్మెలు పోసి, వాటి బలం తేల్చడం నా ప్రాజెక్టు. బోధన్ దగ్గరి బెల్లం గానుగ నుంచి బూడిద బస్తాను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను (నన్ను చివరి సీటుకు తరిమిన కండక్టర్ ముఖం ఇప్పటికీ గుర్తుంది). దిమ్మెలు పోసిన మర్నాడు అచ్చులు విప్పాలి, నాలుగు వారాలు నీళ్ళలో నానబెట్టాలి, ఆ వెంటనే పరీక్ష. రెండోసారి పోసే వ్యవధి లేదు. తప్పితే ఏడాది పోయినట్టే.

అచ్చు విప్పి నిర్ఘాంతపోయాను. వేలు పెడితే లోపలికి దిగింది. మా సారు అందరి ముందు, "ఏమమ్మా, గిది పరిశోధననా, పలారమా?" అన్నారు. (ఆ 'అమ్మా'ను సాగదీసిన తీరు కూడా మరిచిపోలేదు.)

ల్యాబులో కాంక్రీటు కలిపే ముసలి మేస్త్రి చాచా మాత్రం తాపీగా ఉన్నాడు. "పరేషాన్ గాకు బిడ్డా. నీళ్ళల్ల జెర్రంత బెల్లం నేనే కలిపిన. మా అబ్బాజాన్ సున్నంల బెల్లం నీళ్ళు పోసి కట్టిన గోడలు ఇంక గట్లనే ఉన్నయి."

నాకు నోట మాట రాలేదు. రాత మాత్రం వచ్చింది. చాచా మీద సారుకు మూడు పేజీల ఫిర్యాదు ఇచ్చాను. దిమ్మెలను సారు పారేయమన్నా వినక, మొండిగా తడి గోనెసంచులు కప్పి ఉంచాను. నాలుగో రోజుకు బిగిశాయి. అప్పుడు తొట్టిలో వేశాను.

పరీక్షనాడు మిషన్ కింద, పోలిక కోసం పెట్టిన మామూలు సిమెంటు దిమ్మెలు పగిలిపోయాయి. నావి అదే బరువుకు చెక్కుచెదరలేదు. సారు మిషన్ చెడిందేమోనని దాని చుట్టూ తిరిగి చూశారు. (తీపి తగిలిన సిమెంటు ఆలస్యంగా బిగుస్తుందని, తీపి కొంచెమే అయితే తర్వాత మరింత గట్టిపడవచ్చని నేను చదివింది ఆ తర్వాతే.)

ప్రాజెక్టు పుస్తకంలో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. సారు పేరు రాశాను, సిమెంటు దుకాణం పేరు కూడా రాశాను. చాచా పేరు రాయలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టవుతుందని. చదువు రాని చాచా పుస్తకం చేతిలోకి తీసుకుని, "నా పేరు ఏడుందో సూపెట్టు బిడ్డా" అన్నాడు. నేను సారు పేరు మీద వేలు పెట్టాను. ఆయన దాన్ని మెల్లగా తడిమి, "మంచిగుంది" అని నవ్వాడు.

నా ఫిర్యాదుల జాబితా పొడవైనదే, ఒక్కటీ కొట్టేయలేదు. అందులో నా మీద నేను పెట్టుకున్నది మాత్రం ఇదొక్కటే. టీలో బెల్లం కలుపుకునేటప్పుడల్లా దాని విచారణ మళ్ళీ మొదలవుతుంది. ప్రతిసారీ చాచానే గెలుస్తాడు.