ఫైరింజను కొలత

నేను పుట్టు పిరికిదాన్ని. పెళ్ళయి సత్తెనపల్లి దగ్గర ఒక ఊరికి కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలంలోనే పై బజారు తగలబడటం కళ్ళారా చూశాను. ఎనభైల మొదట్లో మాట. అన్నీ పూరిళ్ళు, ప్రతి ఇంటి పక్కనా వంటచెరుకుకని పేర్చిన పత్తికట్టె. ఫైరింజను వచ్చింది గానీ సందులో పట్టక మొదట్లోనే ఆగిపోయింది. ఆ తరవాత చాలాకాలం, పొయ్యి ఆర్పేశాక కూడా రెండుసార్లు వెళ్ళి బూడిద కెలికి చూసుకునేదాన్ని.

మరుసటి ఏడు మాఘమాసంలో ఊరంతా కూర్చుని మా బజారును వెడల్పు చెయ్యాలని తీర్మానించారు. మావారు బడిపంతులు కాబట్టి కొలతల పని ఆయన నెత్తిన పడింది. ఆయన సైకిలెక్కి సత్తెనపల్లి వెళ్ళి, డ్రైవరును బతిమాలి, గేదెను కట్టే పలుపుతో ఫైరింజను వెడల్పు కొలిచి ముడి వేసుకొచ్చారు. అటో జాన, ఇటో జాన కలిపి బజారు పొడుగునా రెండు వైపులా కర్ర గూటాలు దిగ్గొట్టారు. గూటాల మధ్య అరుగున్నా దడి ఉన్నా ఎవరిది వాళ్ళే తీసెయ్యాలి.

"ముందు పంతులుగారి అరుగు కొట్టించండి, మా దడి సంగతి తరవాత చూద్దాం" అన్నాడు ఎదురింటాయన. మావారు నవ్వి, మా మట్టి అరుగు నడిమధ్యన గూటం దింపారు.

ఆ అరుగే మా అత్తగారి లోకం. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది ఆవిడకి. పొద్దున్నే తెచ్చి కూర్చోబెడితే, వచ్చేపోయేవాళ్ళందరినీ ఆపి కష్టసుఖాలు అడిగి, దీపాలవేళకి గానీ లోపలికి వచ్చేవారు కాదు. గూటం వంక చూసి, "అయితే నన్నిక చీకటింట్లో పడేస్తారన్నమాట. కానియ్యండి" అన్నారు. ఆవిడ 'కానియ్యండి' అంటే నాకున్న భయం పులన్నా లేదు. నా పని ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా, మా అత్తగారు లోపల కునుకు తీస్తుండగా గూటం పీకేశాను. అరుగు దిగువన, బజారు వైపు నేలలో దాన్ని రోకలితో దిగ్గొట్టాను. అరుగు మీది కన్నంలో మట్టి కూరి పేడతో అలికేశాను.

రెండు రోజుల్లో బజారంతా గూటాల ప్రకారం అరుగులు కొట్టేసుకున్నారు. ఎదురింటాయన దడి కూడా పీకేశాడు. మా అరుగు మిగిలిపోతే, పంతులుగారు మళ్ళీ కొలిచి ఉంటారులే అనుకున్నారు. మావారు గమనించలేదో, తల్లి కోసం ఊరుకున్నారో నాకిప్పటికీ తెలియదు.

ఆ చైత్రంలోనే, మిట్టమధ్యాహ్నం, బజారు చివర ఒక కూలి మనిషి గుడిసె అంటుకుంది. మిరపకోతలకు వెళ్ళే ఆమెకు రెండేళ్ళ పిల్ల. ఎవరో మోటారుసైకిలు మీద సత్తెనపల్లి పరుగెత్తారు. కాసేపటికి గంట వినపడగానే అందరూ "వచ్చేసింది" అన్నారు. నేనొక్కదాన్నే అరుగు వంక చూశాను.

ఇంజను మా గుమ్మం దాకా వచ్చి, అరుగుకు రాసుకుని ఆగిపోయింది. డ్రైవరు దిగి, "పలుపుతో కొలుచుకుపోయారు కదండీ, మరి ఇదేంటి" అన్నాడు. పైపు అక్కడిదాకా చాల్లేదు. అరుగు పగలగొట్టడానికి గునపం తెచ్చేసరికి గుడిసె కూలిపోయింది. పిల్ల కనపడటం లేదని ఎవరో అన్నారు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. చివరికి గడ్డివాము వెనక ఏడుస్తూ దొరికింది.

సాయంత్రం ఆమె పిల్లను చంకనేసుకుని మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది. గూటం సంగతి తెలిసిపోయిందనుకున్నాను.

"నాలుగు రోజులు ఇక్కడ తలదాచుకుంటామమ్మగారూ. బజారంతటికీ ఈ ఒక్క అరుగే మిగిలింది" అంది.

మా అత్తగారు కుడిచెయ్యి ఊతంగా జరిగి చోటిచ్చారు. ఆమె కొంగు పరిచి, సరిగ్గా నేను అలికిన చోట పిల్లను పడుకోబెట్టింది.